మందు వాసన వచ్చిందని ఉద్యోగం తీసేస్తే చెల్లుతుందా?

డ్యూటీకి వచ్చిన మనిషి దగ్గర మందు వాసన వస్తోందని మీ కంపెనీవాళ్లు అదే రోజు ఉద్యోగంలోంచి తీసేశారని, అలా తీసేయొచ్చా అని అడిగారు. తీసేయకూడదు. ఆ రోజుకి లోపలికి రానివ్వకుండా ఆపొచ్చు, సస్పెండ్ చేయొచ్చు. తీసేయాలంటే మాత్రం ఏ తప్పు చేశాడో రాసి చార్జిషీట్ ఇవ్వాలి, ఎంక్వైరీ పెట్టాలి, అతను చెప్పేది వినాలి. ఇలాంటి ఎంక్వైరీలో మావాడి పక్కన కూర్చుని కొట్లాడాను కాబట్టి చెప్తున్నాను.

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ఫిట్టర్‌గా చేశాను. అక్కడ బాయిలర్ దగ్గర ఒక అన్న ఉండేవాడు. షిఫ్టు ఎక్కగానే ముందు గేజ్ గ్లాస్, అంటే లోపల నీళ్లు ఎంతున్నాయో చూపించే గాజు గొట్టం, బ్లోడౌన్ చేసి (అందులో నీళ్లు బయటికి వదిలి), నీళ్లు మళ్లీ లెవెల్‌కి వచ్చేదాకా చూపు తిప్పేవాడు కాదు. ఎవరైనా పలకరించినా చెయ్యెత్తి ఆగమనేవాడు. బాయిలర్‌లో నీళ్లు తగ్గితే ఏమవుతుందో తెలిసిన మనిషి.

2013 చలికాలం, నైట్ షిఫ్ట్. వారం నుంచి దగ్గు, హోమియో మందు వాడుతున్నాడు. గేటు బయట బండి ఆపి, చిన్న సీసాలోంచి చుక్కలు నాలుక మీద వేసుకుని లోపలికి వచ్చాడు. ఆ చుక్కల్లో ఉండేది ఆల్కహాలే. సెక్యూరిటీ అతను మిషన్ నోటి దగ్గర పెట్టి ఊదమన్నాడు. కీమని మోగింది. మా అన్న నిజాయితీగా, "ఇప్పుడే మందేసుకున్నా అన్నా, పావుగంట ఆగి మళ్లీ ఊదుతా" అన్నాడు.

ఆ ఒక్క మాట అతని కొంప ముంచింది. చార్జిషీట్‌లో "మందు వేసుకున్నానని స్వయంగా ఒప్పుకున్నాడు" అని ఎక్కింది. ఆ రాత్రే టైమ్ ఆఫీసులో ఇంగ్లీషు కాగితం ఒకటి ముందు పెట్టి, సంతకం పెడితే ఇంటికి పంపిస్తామన్నారు. పెట్టాడు. తాగి డ్యూటీకి వచ్చానని అందులో ఉందని ఆయనకు పది రోజుల తర్వాత నేను చదివి చెప్తే తెలిసింది. తెలుగు తప్ప రాని మనిషి చేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకోవడం నా దృష్టిలో దొంగతనమే. అపాయింట్‌మెంట్ ఆర్డరు నుంచి ఫుల్ సెటిల్‌మెంట్ దాకా అన్నీ ఆ భాషలోనే ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎంక్వైరీలో సెక్యూరిటీ అతన్ని నేనే అడిగాను. "ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్పు." "మందేసుకున్నా అన్నడు సార్." "ఏ మందు?" అతను మేనేజర్ వైపు చూశాడు. కాసేపాగి "అడగలే సార్" అన్నాడు. ఆ మిషన్ తెప్పించమన్నాను. వెనక అంటించిన స్టిక్కరు మీద కాలిబ్రేషన్ (మిషన్ సరిగ్గా చూపిస్తోందా అని చూసే పరీక్ష) గడువు దాటి ఏడాది పైనే అయింది. మళ్లీ ఊదించలేదు, డాక్టరుకి చూపించలేదు, రక్తం తీయించలేదు. నోట్లో ఇప్పుడే పడిన ఆల్కహాల్ మిషన్‌లో ఎక్కువ చూపిస్తుంది, పావుగంటకి పోతుంది. ఆయన అడిగిన పావుగంట ఇచ్చి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

అయినా తీసేశారు. ఎంక్వైరీ ఆఫీసరు కంపెనీ లాయరే అయితే ఇంకేం రాస్తాడు?

లేబర్ కోర్టులో మూడేళ్లు పట్టింది. వాసన, తూలుడు, తడబడే మాట ఉన్నంత మాత్రాన తాగాడని తేల్చలేమని 1971లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ కేసులో చెప్పిన తీర్పుని మా వకీలు ముందు పెట్టాడు. అన్నని సగం జీతం బకాయితో మళ్లీ తీసుకోమన్నారు. మిగతా సగం ఎవరి ఖాతాలో పోయినట్టు? ఆ మూడేళ్లూ వాళ్లావిడ టిఫిన్ బండి పెట్టి పిల్లల్ని చదివించింది. బస్తీలో మాత్రం తాగుబోతు అనే పేరు పడిపోయింది. ఆ పేరుని ఏ కోర్టు ఆర్డరూ తుడిచిపెట్టలేదు.

తాగొచ్చేవాణ్ణి వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఒకసారి మా వెల్డర్ నిండా తాగి పైప్ ర్యాక్ ఎక్కితే నేనే కిందికి దింపి సూపర్‌వైజర్‌కి అప్పగించాను. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం తీయించారు, ఇంక్రిమెంట్ ఆపారు, ఎర్రగడ్డ ఆసుపత్రిలో డీఅడిక్షన్‌కి పంపారు. అదీ పద్ధతి. తిరిగొచ్చి చాలా ఏళ్లు బుద్ధిగా పనిచేశాడు. మరి అదే కంపెనీ డిసెంబర్ 31న ఆఫీసర్లకి హోటల్లో సొంత ఖర్చుతో పోయించేది, మర్నాడు పొద్దున వాళ్ల కార్లని గేటు దగ్గర ఆపి ఊదమన్నవాడు లేడు. ఫ్యాక్టరీ గేటుకి కూతవేటు దూరంలో వైన్ షాపు, పక్కనే పర్మిట్ రూము ఉంటే అడిగేవాడూ లేడు.

ఇంకో మాట. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అన్న హద్దు మోటారు వాహనాల చట్టంలో బండి నడిపేవాళ్లకి పెట్టింది. ఫ్యాక్టరీలో చూడాల్సింది స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఏది తప్పో, దానికి ఏం చేయాలో రాసిపెట్టిన ఫ్యాక్టరీ రూల్సు. పని వేళల్లో తాగి ఉండటం తప్పని వాటిలో ఉంటుంది, నిజమే. కానీ ఆ తప్పు రుజువు చేయాల్సింది కంపెనీ. మావాడికి సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ముప్పావు జీతం రావాలి. అదీ అడిగి అడిగి తెచ్చుకున్నాం.

మీవాడు ఇంకా ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే లేపి లేబర్ ఆఫీసుకి తీసుకెళ్లండి. అంతకంటే ముందు ఒకటి కనుక్కుని ఇక్కడ రాయండి: ఆ రోజు అతని చేత ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించారా? అది ఏ భాషలో ఉంది?