కాలేజీ రెజ్లింగ్ డ్యూయల్ మీట్ ఫలితాన్ని ముందే అంచనా వేయడం ఎలా?

ప్రశ్న ఇది: అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నారు, యూనివర్సిటీకి మంచి రెజ్లింగ్ జట్టుంది. ల్యాబ్‌లో ప్రతి డ్యూయల్‌కి (రెండు జట్లు తలపడే పోటీ, ఒక్కో వెయిట్‌లో, అంటే బరువు విభాగంలో, ఒక్కో బౌట్) ముందు అందరూ స్కోరు రాసి కాఫీ పందెం కాస్తారు. మీరు ర్యాంకులు చూసి, పది వెయిట్లకీ ఎవరు గెలుస్తారో టిక్కులు పెట్టుకుని, ఆరు మనవి నాలుగు వాళ్ళవి కాబట్టి మనదే గెలుపు అని రాశారు. ఓడిపోయారు. తప్పు ఎక్కడ జరిగింది?

టిక్కుల్లో తప్పు లేకపోయి ఉండొచ్చండి. తప్పు టిక్కులు పెట్టడంలోనే ఉంది. డ్యూయల్‌లో ఎన్ని బౌట్లు గెలిచామన్నది కాదు, ఎంతెంత తేడాతో గెలిచామన్నది లెక్క. 125, 133, 141, 149, 157, 165, 174, 184, 197, 285 పౌండ్లు, ఇవీ పది వెయిట్లు. గెలిచిన తేడా ఏడు పాయింట్ల దాకా ఉంటే డిసిషన్, జట్టుకి 3. తేడా 8 నుంచి 14 దాకా ఉంటే మేజర్, 4. 15కి చేరితే టెక్ ఫాల్, 5, బౌట్ కూడా అక్కడితో సరి. పిన్ చేసినా (రెండు భుజాలూ మ్యాట్‌కి అదిమి పట్టినా), ఎదుటివాడు రాకపోయినా, గాయంతో తప్పుకున్నా, డిస్‌క్వాలిఫై అయినా 6. ఇప్పుడు మీ ఆరుగురూ కిందామీదా పడి డిసిషన్లతో గెలిచారనుకోండి, 18. వాళ్ళ నలుగురు ఒక పిన్, ఒక టెక్, రెండు మేజర్లు కొడితే 6, 5, 4, 4, మొత్తం 19. ఆరు గెలిచి ఓడిపోవడం అంటే ఇదే.

అందుకని ప్రతి వెయిట్‌కీ టిక్కు బదులు ఒక అంకె రాయాలి: ఆ బౌట్ నుంచి మన జట్టుకి సగటున నికరంగా ఎన్ని పాయింట్లు వస్తాయి? ఒక బౌట్‌ని దగ్గరగా చూద్దాం. 165లో మనవాడు దేశంలో మొదటి పదిలో ఉన్నాడు, అవతలివాడికి ర్యాంకు లేదు. ఇదే జోడీ వందసార్లు తలపడితే మనవాడు 90 సార్లు గెలుస్తాడనుకుందాం. అందులో 45 డిసిషన్లు, 20 మేజర్లు, 13 టెక్‌లు, 12 పిన్‌లు. ఓడే పదిసార్లూ డిసిషన్లే. లెక్క వేస్తే 135, 80, 65, 72 కలిపి 352. పోగొట్టుకునేది 30. నికరం 322, అంటే బౌట్‌కి 3.22. ఇప్పుడు 149లో ఇద్దరూ సమ ఉజ్జీలు, మనవాడికి 55 శాతం మొగ్గు, ఎవరు గెలిచినా డిసిషనే. దీని విలువ 0.3. మీ కాగితం మీద రెండింటికీ ఒకే టిక్కు. నిజానికి 149 లాంటివి పది చేర్చినా ఒక్క 165కి సాటి రావు.

ఇది ఒంటబట్టాక డ్యూయల్‌ని చూసే చూపే మారిపోతుంది. అందరూ ‘టాస్-అప్’ (ఎటైనా తేలగల) బౌట్ల గురించి గొంతు చించుకుంటారు. మీరు మాత్రం రెండు జట్లలో ఎక్కడెక్కడ ఓటి మనిషి ఉన్నాడో, వాడు ఎంత ఘోరంగా ఓడతాడో చూడాలి. మేజర్ పడేచోట డిసిషన్‌తో బయటపడ్డ కుర్రాడు జట్టుకి ఒక పాయింటు మిగిల్చినట్టే. టెక్ తినాల్సినవాడు ఏడు నిమిషాలూ నిలబడి 9-3తో ఓడితే రెండు. పేపర్లో వాడి పేరు రాదు, చాలా డ్యూయళ్ళు మాత్రం వాడి వల్లే గెలుస్తారు.

బోనస్ (డిసిషన్ కంటే పెద్ద గెలుపుతో వచ్చే అదనపు పాయింట్ల) అవకాశాల అంచనాలో పాత అలవాట్లు దెబ్బకొడతాయి. 2023-24 సీజన్ నుంచి టేక్‌డౌన్‌కి (ఎదుటివాణ్ణి పడగొట్టి పట్టు సాధించడానికి) రెండు కాదు, మూడు పాయింట్లు. నియర్ ఫాల్‌కి (వీపు మ్యాట్ వైపు తిప్పి కొన్ని సెకన్లు పట్టి ఉంచడానికి) 2, 3, 4. ఎస్కేప్ (కింద నుంచి తప్పించుకోవడం) 1, రివర్సల్ (కిందున్నవాడు పైకి రావడం) 2, రైడింగ్ టైమ్‌లో (పైనుండి అదుపులో ఉంచిన సమయంలో) నికరంగా నిమిషం పైన ఉంటే 1. దీని ప్రభావం చూడండి. ఒకడు పడగొట్టి, వదిలేసి, మళ్ళీ పడగొట్టే రకం. నాలుగు టేక్‌డౌన్లు, నాలుగు ఎస్కేప్‌లు: 12-4, అప్పటికే మేజర్. పాత లెక్కలో అదే పని 8-4, ఉత్త డిసిషన్. ఏడు టేక్‌డౌన్లు చేసి ఆరుసార్లు వదిలితే 21-6, టెక్. మరో రకం వాడుంటాడు, లేవనీయడు. ఒక టేక్‌డౌన్ 3, నాలుగు సెకన్లు వీపు చూపిస్తే 4, రైడింగ్ టైమ్ 1, అంటే 8-0. ఒక్కసారి పడగొట్టి మేజర్. కాబట్టి 2023కి ముందు వీడియోలూ, స్కోర్లూ చూసి ‘వీడు బోనస్ కొట్టే రకం కాదు’ అనుకోవడం పొరపాటు.

ఇక్కడే ఒక మాట. మనవాళ్ళలో చాలామందికి కుస్తీ అంటే తాలింఖానా మట్టి కుస్తీ, లేదంటే ఒలింపిక్స్‌లో సుశీల్ కుమార్ ఆడిన ఫ్రీస్టైల్. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల తేడా రాగానే ఆట ముగుస్తుంది, కింద పడ్డవాడు కాసేపు బిగుసుకుని పడుకుంటే రిఫరీయే లేపుతాడు. అమెరికా కాలేజీల్లో ఆడే ఫోక్‌స్టైల్ పద్ధతిలో లేచే పని కిందున్నవాడిదే, పైనున్నవాడు గడియారాన్ని తింటాడు. వేసవిలో ఫ్రీస్టైల్ పతకాలు తెచ్చిన కుర్రాడు కాలేజీ మ్యాట్ మీద కింద నుంచి లేవలేక ఓడిపోవడం మామూలే. అంచనాలో ఫ్రీస్టైల్ రికార్డుకి నేనైతే సగం విలువే ఇస్తాను.

ఇక గెలిచే శాతం ఎక్కణ్ణుంచి తేవాలి? ర్యాంకులతో మొదలుపెట్టొచ్చు గానీ, అంకెల మధ్య దూరం అంతటా ఒకటి కాదని గుర్తుంచుకోండి. 1కీ 4కీ మధ్య కొండంత తేడా ఉండొచ్చు, 14కీ 24కీ మధ్య దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. జాతీయ టోర్నీకి ఒక్కో వెయిట్‌లో 33 మందికే చోటు. ఆ జాబితా చివర్లో ఉన్నవాడికీ, దొరకనివాడికీ 60-40 కంటే ఎక్కువ తేడా రాయకండి. ముఖాముఖీ పోరు ఈ సీజన్‌దైతే బరువివ్వండి, రెండేళ్ళ కిందటిదైతే, అదీ వేరే వెయిట్‌లోదైతే వదిలేయండి. కామన్ అపోనెంట్లను చూసేటప్పుడు గెలుపోటముల కంటే స్కోరు చూడండి: ఒకే మనిషిని ఒకడు 4-1తో, ఇంకొకడు 14-3తో కొట్టాడంటే అది కబురే. పిన్‌ల సంఖ్య చూసి మురిసిపోకండి. పన్నెండు పిన్‌లలో పది నవంబరు ఓపెన్ టోర్నీల్లో ఊరూపేరూ లేనివాళ్ళ మీద వచ్చి ఉంటాయి. ర్యాంకున్నవాళ్ళ మీద ఎన్ని అనేదే ప్రశ్న. రెజిల్‌స్టాట్ సైట్‌లో రెండు జట్లని ఎదురెదురుగా పెట్టి చూసే సదుపాయం ఉంది. మొదటి ముసాయిదాకి బాగుంటుంది. ఆ తర్వాత మీ బుర్ర పెట్టాల్సింది లైనప్ మీద.

అసలు ఓటములు అక్కడే వస్తాయి. జట్టు ఇచ్చే ప్రాబబుల్స్ (ఎవరు దిగొచ్చో చెప్పే) కాగితంలో ‘ఫలానా లేదా ఫలానా’ అని ఉందంటే ఆ వెయిట్‌ని రెండు రకాలుగా లెక్కేయండి. స్టార్టర్ దిగితే ఎంత, బ్యాకప్ దిగితే ఎంత, ఎవరు దిగే అవకాశం ఎంత. శుక్రవారం ఒకటి, ఆదివారం ఒకటి ఉన్న వారాంతంలో బలహీనమైన ప్రత్యర్థి మీద స్టార్‌ని కూర్చోబెట్టడం కోచ్‌లకి అలవాటు. రెడ్‌షర్ట్‌లో (ఆటకి అర్హత ఉన్న ఏడాది ఖర్చు కాకుండా పక్కనుంచి) దాచిన కొత్త కుర్రాణ్ణి హఠాత్తుగా బయటికి తీయడమూ ఉంది. ఒకణ్ణి పై వెయిట్‌కి జరపడం ఇంకో ఎత్తు. 157 వాడు 165లో దిగితే ఆ రెండు వరసలూ చెరిపి మళ్ళీ రాయాలి. సీజన్ మొదట్లో పై వెయిట్‌లో ఆడినవాడు జనవరికి కిందికి దిగడమూ కొత్త కాదు. బరువు దిగేదానికి వారానికి 1.5 శాతం అని హద్దుంది, అందుకే డిసెంబరు చివరిదాకా సగం జట్ల లైనప్‌లు కుదురుకోవు. కొత్తగా దిగినవాడికి మొదటి రెండు డ్యూయళ్ళలో మూడో పీరియడ్‌లో ఊపిరి అందదు. గెలిచే శాతం ఐదు తగ్గించండి.

ఒక్క మనిషి ఎంత తూకమో చెప్పడానికి అయోవా, పెన్ స్టేట్ యూనివర్సిటీల పోరు చాలు. 2022 జనవరి 28న అయోవా సొంత కార్వర్-హాకై అరీనాలో పెన్ స్టేట్ 19-13తో గెలిచింది, తేడా 6. అయోవా 125 పౌండ్ల వీరుడు స్పెన్సర్ లీ, అప్పటికే మూడుసార్లు జాతీయ చాంపియన్, మోకాళ్ళ ఆపరేషన్ కారణంగా ఆ సీజన్‌కి దూరమయ్యాడు. వాడు మ్యాట్ మీదికి వస్తే ఐదో ఆరో పాయింట్లు దాదాపు ఖాయం. వాడు లేని లైనప్‌ని వాడున్న ర్యాంకులతో లెక్కేసినవాళ్ళ గతి ఊహించుకోవచ్చు.

అలాగని అన్నీ లెక్కకి అందవు. అదే రెండు జట్లు 2020 జనవరి 31న తలపడ్డప్పుడు 133లో ఆస్టిన్ డిశాంటో, రోమన్ బ్రావో-యంగ్‌లది దగ్గరి పోటీ అనుకున్నారంతా. మోకాలి దెబ్బతో డిశాంటో తప్పుకున్నాడు, పెన్ స్టేట్‌కి ఆరు వచ్చి పడ్డాయి. డిసిషన్ అయితే మూడే. చివరికి హెవీవెయిట్‌లో టోనీ కాసియోపి గెలుపుతో అయోవా 19-17తో గట్టెక్కింది. గాయాన్ని ముందే ఊహించలేం, కానీ అలాంటిదానికి లెక్కలో చోటు పెట్టొచ్చు.

ఆ చోటు ఎంతో కూడా లెక్కకి వస్తుంది. టాస్-అప్ బౌట్ ఒక్కోటి అటో ఇటో మూడు పాయింట్లు ఊగుతుంది, వేరియన్స్ (ఊగుడుకి కొలత) 9. పైన చెప్పిన 165 లాంటి ఏకపక్షపు బౌట్‌కి సుమారు 5.4. నాలుగు టాస్-అప్‌లు, ఆరు ఏకపక్షాలు అనుకుంటే మొత్తం 68 చిల్లర, వర్గమూలం 8 పైచిలుకు. తెలుగులో చెప్పాలంటే, మీ అంచనా ఎంత పక్కాగా ఉన్నా తుది తేడా ఎనిమిది పాయింట్లు అటూఇటూ కావడం మామూలు విషయం. నికరంగా మనం 4 పైన ఉన్నామని తేలితే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు, అంతే. 8 పైన ఉంటే ఆరింట ఐదు. 15 దాటితే ఇక కాఫీ ఆర్డరిచ్చేయండి. ఎక్సెల్ చేతనైనవాళ్ళు పది వరసల్లో శాతాలు పెట్టి, ర్యాండ్ ఫంక్షన్‌తో పదివేలసార్లు ఆడించి చూస్తే ఇదే వస్తుంది. ఆ మోడల్‌లో అందరూ మరిచిపోయేది ఒకటుంది: మన ఫేవరెట్లు ఓడినప్పుడు అన్నీ డిసిషన్లే అని పెట్టేస్తారు. వెనకబడ్డవాడు చివరి అరనిమిషంలో తెగించి హెడ్‌లాక్ విసిరితే వచ్చేది పిన్. ఓటముల్లో పదో వంతైనా ఆరు పాయింట్లవి పెట్టండి.

సొంతగడ్డ బలం గురించి అడుగుతారు. ఉంది, కొద్దిగా. దగ్గరి బౌట్లలో స్టాలింగ్ పిలుపులు (పోరాడకుండా కాలం గడుపుతున్నాడని రిఫరీ చేసే హెచ్చరికలు) తెప్పించేంత అరుపు కార్వర్‌లోనో, ఓక్లహోమా స్టేట్ వాళ్ళ గాలగర్-ఐబాలోనో ఉంటుంది. టాస్-అప్‌లకి రెండు మూడు శాతం కలపండి. పాతిక శాతం కలిపేవాళ్ళని చూస్తుంటాం, అది అభిమానం. 2015 నవంబరులో అయోవా వాళ్ళ కిన్నిక్ స్టేడియంలో 42,287 మంది ముందు అయోవా ఓక్లహోమా స్టేట్‌ని ఓడించింది. అంత జనంలోనూ స్కోరు 18-16.

ఏ వెయిట్‌తో మొదలవుతుందో కూడా చూడండి. ఎప్పుడూ 125తోనే మొదలవదు, 157తో మొదలైతే 149తో ముగుస్తుంది. మొత్తం స్కోరు మీద దీని ప్రభావం తక్కువే, చివరి రెండు బౌట్ల మీద ఎక్కువ. ఆఖరి బౌట్‌కి 7 ఆధిక్యం ఉంటే పని అయిపోయినట్టే. 4 ఉంటే ఎదుటి జట్టు నేరుగా గెలవడానికి టెక్ లేదా పిన్ కావాలి, మేజర్ కొడితే సమం మాత్రమే, కాబట్టి మనవాడు దాడి మానేసి ఒడ్డున నిలబడతాడు. అప్పుడు బోనస్ శాతం మీరు మామూలుగా వేసేదానికంటే తగ్గించాలి. వెనకబడ్డ జట్టువాడు తెగించి మీదికొస్తాడు కాబట్టి వాడే పిన్ అయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. సమమైతే క్రైటీరియా. ఎక్కువ బౌట్లు ఎవరు గెలిచారు లాంటివి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, తేలినవాళ్ళకి ఒక పాయింటు కలుపుతారు.

చివరగా కాగితం మీద రాసే స్కోరు. సగటులు 20.4, 14.1 అని వచ్చాయనుకోండి, 20-14 రాయొచ్చు: ఆరు గెలుపుల్లో రెండు మేజర్లు, నాలుగు గెలుపుల్లో రెండు మేజర్లు, కుదురుతుంది. అన్ని అంకెలూ ఇలా కుదరవు. 17-8 అని రాసేవాళ్ళున్నారు. 8 రావాలంటే రెండే గెలుపులు, 5, 3 గానీ 4, 4 గానీ. మిగతా ఎనిమిది బౌట్లూ ఉత్త డిసిషన్లైనా అవతలివాళ్ళకి 24 వచ్చి తీరాలి. 2025 జనవరి 31న పెన్ స్టేట్ అయోవాని ఓడించిన స్కోరు 30-8. మీ జట్టు క్రమశిక్షణ తప్పి పాయింటు కోల్పోతేనో, రెండు జట్లూ ఒక వెయిట్‌ని వదిలేస్తేనో తప్ప ఈ లెక్క మారదు.