టెక్ సందేహాలు: తుంపరతో ముద్రించే సెన్సర్లు

ప్రశ్న: లోహాన్నీ, ఎంజైమ్‌లనీ ఏరోసాల్‌ పద్ధతిలో ముద్రించి బుల్లి సెన్సర్లు తయారుచేస్తున్నారని చదివాను. ఇది మామూలు ఇంక్‌జెట్‌ లాంటిదేనా? నా దగ్గరున్న ప్రింటర్లో సిల్వర్‌ ఇంకు పోసి ప్రయత్నించవచ్చా?

జవాబు: రెండింట్లోనూ ఇంకు ఉంటుంది, పోలిక దాదాపు అక్కడితో సరి. ఇంక్‌జెట్‌ ఒక్కో చుక్కనీ లెక్కపెట్టి వదులుతుంది. ఏరోసాల్‌ జెట్‌లో ముందు ఇంకునంతా అల్ట్రాసానిక్‌ కంపనాలతోనో, వేగంగా వీచే గ్యాస్‌తోనో 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్‌ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) తుంపరగా మార్చేస్తారు. దాన్ని నైట్రోజన్‌ మోసుకొచ్చి నాజిల్‌కి చేరుస్తుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ ధార చుట్టూ మరో నైట్రోజన్‌ పొర తొడుగులా చేరి, దాన్ని నొక్కి సన్నం చేస్తుంది. 100 మైక్రాన్లు దాటిన రంధ్రంలోంచి 10 మైక్రాన్ల గీత ఎలా వస్తుందంటే ఇలాగే. తొడుగు ఉండటంతో ఇంకు నాజిల్‌ గోడలకు అంతగా అంటుకోదు, హెడ్‌ జామ్‌ బాధ తగ్గుతుంది. నాజిల్‌ దాటాక కూడా ధార కొన్ని మిల్లీమీటర్ల దూరం చెదరదు కాబట్టి వంకర ఉపరితలం మీదా ముద్రించవచ్చు.

ఇక మీ ప్రింటర్‌ సంగతి. 2013లో టోక్యో యూనివర్సిటీ, జార్జియా టెక్‌, మైక్రోసాఫ్ట్‌ రీసెర్చ్‌ పరిశోధకులు మామూలు ఇంక్‌జెట్‌లో సిల్వర్‌ ఇంకు నింపి ఫొటో పేపర్‌ మీద సర్క్యూట్లు గీశారు. అది వేడితో కాల్చనక్కరలేని రకం ఇంకు కాబట్టి, కాల్చకుండానే కరెంటు పారింది. టచ్‌ సెన్సర్‌, యాంటెన్నా లాంటి సరదా ప్రయోగాలకు ఆ దారి చాలు. అయితే ఇంకును వేడిచేసి చిమ్మే హెడ్‌ ఉన్న ప్రింటర్‌ జోలికి పోవద్దు, పీజో హెడ్‌ (కరెంటిస్తే ఆకారం మారే స్ఫటికంతో, వేడి లేకుండా ఇంకును నెట్టేది) ఉన్నదే కావాలి. పైగా ఆ ప్రింటర్‌ని మళ్లీ కాగితాలు ముద్రించుకోవడానికి వాడదామనే ఆశ వదులుకోండి. హ్యూమిడిఫయర్‌లో నానో ఇంకు పోసి సొంతంగా తుంపర చేద్దామని మాత్రం అనుకోవద్దు. లోహపు నానో కణాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ల్యాబ్‌లలో ఈ యంత్రాన్ని మూసిన గదిలో పెట్టి, గాలిని విడిగా బయటికి లాగేస్తారు.

ప్రశ్న: ముద్రించాక లోహపు ఇంకును కాల్చాలి కదా, ఆ వేడికి ఎంజైమ్‌ బతుకుతుందా?

జవాబు: బతకదు. అందుకే వరస ముఖ్యం. వెండి ముద్ద 961 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర కరుగుతుంది. నానో కణాలుగా ఉంటే 150–200 డిగ్రీలకే ఒకదానికొకటి అతుక్కుని కరెంటు పారే గీత అవుతుంది. ఎంజైమ్‌లు ప్రొటీన్లే, చాలా ప్రొటీన్లకు ఆ వేడి కూడా ప్రాణాంతకమే. కాబట్టి ముందు లోహం ముద్రించి కాలుస్తారు, జీవ పదార్థం చివరికి.

ఆ చివరి అంకంలోనే తలనొప్పులు. 2 మైక్రాన్ల చుక్క నాజిల్‌ చేరేలోపే ఆరిపోతుంది. అందుకని మోసుకెళ్లే గ్యాస్‌ని ముందుగా నీళ్లలోంచి బుడగలుగా పంపి తడి చేస్తారు. తుంపరగా మారే కుదుపుకి పొడవాటి డీఎన్‌ఏ పోగులు తెగే ప్రమాదం ఉంది, పొట్టివి తట్టుకుంటాయి. ఎంజైమ్‌నైతే ముద్రించాక పనిచేస్తోందో లేదో పరీక్షించి చూసుకోవలసిందే. ‘జీవ పదార్థం’ అనగానే బతికున్న కణాలు అనుకునేరు. మన శరీర కణాల్లో చాలా రకాలు 10 మైక్రాన్లు, అంతకన్నా పెద్దవి. 5 మైక్రాన్ల చుక్కలో అవి పట్టవు.

ఉదాహరణ ఒకటి చెప్పాలంటే, 2020లో కార్నెగీ మెలన్‌ యూనివర్సిటీ బృందం ఈ పద్ధతిలో బంగారంతో సూక్ష్మ స్తంభాలు నిలబెట్టింది. వాటిపై గ్రాఫీన్‌ (పలుచని కార్బన్‌ పొర) రకం పూత, దాని మీద కోవిడ్‌ వైరస్‌ యాంటిజెన్లు. యాంటీబాడీలను 10 సెకన్లలో పసిగట్టిందని ప్రకటించారు. గమనించండి, తుంపరతో ముద్రించింది బంగారాన్ని, జీవ పదార్థం తర్వాత చేరింది. షుగర్‌ టెస్ట్‌ స్ట్రిప్పుల్లాంటివి లక్షల్లో కావాలంటే మాత్రం స్క్రీన్‌ ప్రింటింగే మేలని నా అభిప్రాయం. ఏరోసాల్‌ జెట్‌ ఒక్కో గీతా గీసుకుంటూ పోతుంది, అంత వేగం దాని వల్ల కాదు.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో ఈ యంత్రం ఉంది. డిజైన్‌ పీడీఎఫ్‌లో ఇస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. డీఎక్స్‌ఎఫ్‌ లాంటి క్యాడ్‌ (కంప్యూటర్‌ డిజైన్‌) డ్రాయింగ్‌ ఇవ్వండి, దాన్నుంచి నాజిల్‌ నడవాల్సిన దారి తయారవుతుంది. గీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: తుంపర ధార గీతకీ గీతకీ మధ్య ఆగదు, షట్టర్‌ అడ్డొచ్చి ఆపుతుంది. షట్టర్‌ తెరిచిన చోట చిన్న బొబ్బలా ఇంకు పోగుపడవచ్చు. వీలైనంత వరకు తెగకుండా సాగే గీతలు గీసి, మొదలూ చివరా కనెక్షన్‌ ప్యాడ్‌ల మీద పడేలా చూడండి. గంటలు గడిచేకొద్దీ తుంపర మోతాదు కూడా మారుతుంది. మధ్యమధ్యలో ఒక పరీక్ష గీత వేయించి, కాల్చాక దాని రెసిస్టెన్స్‌ కొలవండి. అది పెరుగుతోందంటే గీత పలచబడుతోందని అనుమానించి, గ్యాస్‌ ప్రవాహం సరిచేయమని ఆపరేటర్‌ని అడగండి.