భుజం నొప్పి అంటున్నారంటే, ముందు ఆ లాగుడు ఆపించండి

ప్రశ్న: మా మామగారికి 63 ఏళ్లు. నెల క్రితం పొద్దున్నే గేదెల దగ్గర కుప్పకూలారు. పక్షవాతమన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట రావట్లేదు. 12 రోజులకు ఇంటికి పంపుతూ ఫిజియోథెరపీ చేయించమని చీటీలో రాశారు. టౌను మాకు 20 కిలోమీటర్లు. అందుకని ఊళ్లో ఒకాయన రోజూ వచ్చి నూనె రాసి, చెయ్యి తలపైకి లాగి మర్దన చేస్తున్నాడు. వారం నుంచి భుజం పట్టుకుని ఏడుస్తున్నారు. మా ఆడపడుచేమో పావురం రక్తం రాయిద్దామంటోంది. ఈ మర్దన చాలదా మేడం?
– ఒక కోడలు, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, ఆ లాగుడు ఇవాళే ఆపించండి. పక్షవాతం వచ్చిన మొదటి వారాల్లో భుజం చుట్టూ కండరాలు వదులైపోతాయి. చేతి బరువుకే కీలు గూట్లోంచి కిందికి జారొచ్చు. భుజం చివర వేలితో తడిమితే చిన్న గుంట తగలొచ్చు. అలాంటి చేతిని తలపైకి లాగితే లోపల కండరాల కొసలు నలిగిపోతాయి.

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో ఏడు చదువుతున్నాను. మంచం మీంచి లేపినప్పుడల్లా ఇంట్లోవాళ్లు ఆ చెయ్యే పట్టి లేపేవారట. నేను సెలవులకు వెళ్లేసరికి ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచారు గానీ, నొప్పికి భయపడి కదపక చెయ్యి బిగుసుకుపోయింది. మళ్లీ ఆ చేత్తో అన్నం కలుపుకోలేదు. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోండి. కూర్చున్నా పడుకున్నా ఆ చేతి కింద దిండు ఉండాలి.

మర్దన చేస్తున్నంతసేపూ మామగారు ఊరికే పడుకునుంటారు కదా! దెబ్బ తగిలింది మెదడుకి. పాడైన భాగం చేసే పనిని మిగతా భాగాలు నేర్చుకోవాలి. ఆయన తనంతట తాను ప్రయత్నించాలి, ఒక్కో పనినీ వందలసార్లు చెయ్యాలి. గ్లాసు అందుకోవడం, మంచం మీంచి లేచి నిలబడడం లాంటివి. ఏ రోజు ఏది చేయించాలో, ఎక్కడ ఆపాలో చూడ్డానికే నాలుగున్నరేళ్లు చదివిన మనిషి కావాలి. ఎక్కువ మార్పు కనిపించేది మొదటి మూడు నెలల్లో. ఆ తర్వాతా వస్తుంది, కాకపోతే నెమ్మదిగా. మీకు నెల గడిచిపోయింది. పావురం రక్తంతో చెయ్యి రాదు, రోజులు పోతాయి.

రోజూ టౌనుకు వెళ్లడం కుదరకపోతే వారానికి రెండుసార్లయినా ఆటో మాట్లాడుకోండి. ప్రైవేటుకు ఖర్చవుతుందనుకుంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. ఎక్కడికెళ్లినా "మీరు బీపీటీ చదివారా?" అని మొహమాటం లేకుండా అడగండి. వాళ్లు చేయించేది ఫోన్లో వీడియో తీసుకుని, మిగతా రోజులు ఇంట్లో అలాగే చేయించండి. బంతి నొక్కించమని ఎవరో ఒకరు చెప్తారు. వేళ్లు ముడుచుకుపోతున్న చేతికి రావాల్సింది తెరుచుకోవడం. ఫిజియోథెరపిస్టు చెప్పకుండా బంతి పెట్టకండి.

మాట పోయిందంటే మతి పోయిందని కాదు. ఆయన ముందే ఆయన గురించి మాట్లాడకండి. స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. నీళ్లు తాగుతుంటే దగ్గొస్తోందా? అయితే ఆలస్యం చేయొద్దు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. బీపీ మాత్రలు రాసిచ్చి ఉంటే ఒక్కరోజు కూడా మానకూడదు. ఏడుపంతా నొప్పి వల్లే కాకపోవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికీ మందుంది. డాక్టరుకు చెప్పండి.

టౌనుకు వెళ్లే ముందు మామగారిని సైగలతోనైనా అడగండి, ఏ పని ముందు మళ్లీ చేయాలనుందో. గేదె పాలు పితకడమే అయితే ఫిజియోథెరపిస్టుకు అదే చెప్పండి. దానికి తగ్గట్టే వేళ్లకు, కూర్చోవడానికి వ్యాయామాలు మొదలుపెడతారు.