ఫ్యాన్ ఫిల్మ్‌కి చందాలు మొదలుపెట్టే ముందే హక్కుల సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీకు బాగా ఇష్టమైన ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్ ప్రపంచంలో కొత్త కథతో గంటన్నర ఫ్యాన్ ఫిల్మ్, అంటే అభిమానులే సొంతంగా తీసుకునే సినిమా, తీద్దామనుకుంటున్నారు. ఖర్చుల కోసం క్రౌడ్‌ఫండింగ్ చేస్తారు, అంటే ఆన్‌లైన్‌లో జనం నుంచి చందాలు వసూలు చేస్తారు. సినిమాను యూట్యూబ్‌లో ఉచితంగా పెడతారు, యాడ్స్ కూడా ఉండవు. పైసా లాభం తీసుకోనప్పుడు కాపీరైట్ గొడవ ఎందుకు వస్తుందని అడిగారు.

వస్తుంది. అలాంటి ఒక సినిమాకు నేను లెక్కలు చూశాను. డబ్బిచ్చినవాళ్లకు జవాబులు రాసే పని కూడా నాదే. చందాలు పూర్తయి, డబ్బు చేతికొచ్చి, దుస్తులకీ సెట్‌కీ అడ్వాన్సులు ఇచ్చేశాక హక్కుదారు కంపెనీ లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది. అందులో మా కథ గురించి ఉన్నది రెండు మూడు వాక్యాలే. మిగతాదంతా డబ్బు గురించే. మొత్తం ఎంత వసూలైంది, చందా ఇచ్చినవాళ్లకు బదులుగా ఏయే రివార్డులు ప్రకటించారు, ఎవరికి ఎంత చెల్లించారు, కొన్న సామాను ఎవరి దగ్గరుంది. ఆ వరస చూడగానే ఈ గొడవ అసలు దేని మీదో నాకు తెలిసిపోయింది.

సినిమా ఆగిపోయింది. ఖర్చు కాని డబ్బు వెనక్కి ఇచ్చాం. అడ్వాన్సులుగా పోయింది రాలేదు. క్రౌడ్‌ఫండింగ్ సైటు కోసుకున్న ఫీజూ రాలేదు. ఈ ఫీజు సంగతి చాలామందికి తట్టదు. ఉదాహరణకు కిక్‌స్టార్టర్ వసూలైన మొత్తంలో 5 శాతం తీసుకుంటుంది, పేమెంట్ చార్జీలు దానిమీద అదనం. డబ్బు మీ చేతికొచ్చాక రీఫండ్ బాధ్యత పూర్తిగా మీదే, సైటుది కాదు. అంటే అందరికీ పూర్తిగా తిరిగివ్వాలంటే సొంత జేబులోంచి వేసుకోవాలి. డబ్బిచ్చినవాళ్లలో ఎక్కువమంది కోప్పడలేదు కూడా. "డబ్బు సంగతి వదిలేయండి, సినిమా వస్తుందా రాదా?" అని అడిగారు. వాళ్లకు జవాబు రాయడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక చట్టం సంగతి. ఒక రచన మీద హక్కున్నవాళ్లకు దాని ఆధారంగా కొత్త రచనలు తయారుచేసే హక్కు కూడా ఉంటుంది. మీ కథ కొత్తదే కావచ్చు. కానీ పాత్రలు, అంతరిక్ష నౌకల రూపం, యూనిఫాంలు, గ్రహాంతర జాతుల ముఖకవళికలు వాళ్లవి. అమెరికాలో ఫెయిర్ యూజ్ అనే మినహాయింపు ఉంది, కాపీరైట్ చట్టం సెక్షన్ 107లో. అంటే కొన్ని సందర్భాల్లో అనుమతి లేకుండా వాడుకున్నా తప్పు కాదు. కోర్టు నాలుగు విషయాలు చూస్తుంది: వాడుకున్న ఉద్దేశం, మూల రచన స్వభావం, ఎంత తీసుకున్నారు, మూల రచన మార్కెట్ మీద ప్రభావం. చాలా దేశాల్లో ఇంత వెసులుబాటు కూడా లేదు. ఫలానా ఫలానా పనులకే మినహాయింపు అని చట్టంలోనే రాసి ఉంటుంది, ఫ్యాన్ ఫిల్మ్ మాట అందులో కనిపించదు.

"ఉచితంగా చూపిస్తున్నాం కదా" అనే వాదన కోర్టు దాకా వెళ్తే ఏమవుతుందో చూడాలంటే ఆక్సనార్ కేసు చదవాలి. అమెరికా సైన్స్ ఫిక్షన్ సిరీస్ స్టార్ ట్రెక్ అభిమానులు 2014లో 'ప్రిల్యూడ్ టు ఆక్సనార్' అనే చిన్న సినిమా తీశారు. నటులు, గ్రాఫిక్స్ అన్నీ ప్రొఫెషనల్ స్థాయిలో ఉన్నాయి, జనానికి తెగ నచ్చింది. దాని ఊపులో పూర్తి సినిమాకు కిక్‌స్టార్టర్, ఇండీగోగో ద్వారా చందాలు సేకరించారు. మొత్తం పది లక్షల డాలర్లు దాటింది. 2015 డిసెంబర్ 29న స్టార్ ట్రెక్ హక్కులున్న పారామౌంట్, సీబీఎస్ కంపెనీలు కలిసి కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశాయి.

ఇందులో మీకు పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. సినిమా కేంద్ర పాత్ర అసలు సిరీస్‌లో 1969 నాటి ఒకే ఒక్క ఎపిసోడ్‌లో కనిపించిన కెప్టెన్. అంత చిన్న పాత్రను తీసుకున్నా గొడవ తప్పలేదు. 2016 మేలో ఒక అభిమానుల కార్యక్రమంలో స్టార్ ట్రెక్ సినిమాలు తీసిన దర్శక నిర్మాత జె.జె. అబ్రమ్స్ ఈ దావా త్వరలో ముగిసిపోతుందని వేదిక మీదే ప్రకటించారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ కేసు ఇంకా నెలల తరబడి నడిచింది. కాబట్టి కంపెనీకి ఎంత దగ్గరివాళ్లు చెప్పినా సరే, నోటిమాటను అనుమతిగా లెక్కపెట్టుకోకండి.

2017 జనవరి మొదట్లో జడ్జి ఫెయిర్ యూజ్ వాదన ఇక్కడ చెల్లదని తేల్చేశారు. సినిమాను ఉచితంగా పంచినా, దాని పేరు మీద అంత డబ్బు సేకరించడం, మామూలుగా చెల్లించాల్సిన లైసెన్సు ధర చెల్లించకపోవడం కోర్టు లెక్కలోకి వచ్చాయి. నిర్మాతకు దానివల్ల కొత్త అవకాశాలు రావచ్చన్నదీ ప్రయోజనంగానే చూశారు. మీ ప్రశ్నకు సూటి జవాబు ఇదే. కోర్టు దృష్టిలో లాభం అంటే టికెట్ డబ్బు ఒక్కటే కాదు. రెండు రచనల మధ్య పోలిక ఎంత ఉందన్న ప్రశ్న జ్యూరీకి వెళ్లాల్సి ఉండగా, అదే నెలలో రాజీ కుదిరింది. పూర్తి సినిమా బదులు పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు తీసుకోవచ్చు, యూట్యూబ్‌లో యాడ్స్ లేకుండా పెట్టుకోవచ్చు. పది లక్షల డాలర్ల కల చివరికి అరగంటకు కుదించుకుపోయింది.

కేసు నడుస్తుండగానే, 2016 జూన్‌లో, ఆ రెండు కంపెనీలు ఫ్యాన్ ఫిల్మ్‌లకు నియమాలు ప్రకటించాయి. ఒక కథ పదిహేను నిమిషాలు దాటకూడదు, రెండు భాగాలైతే మొత్తం అరగంట. చందాలు 50,000 డాలర్లకు మించకూడదు. ఎవరూ పారితోషికం తీసుకోకూడదు. డీవీడీలు, టీషర్టుల్లాంటివి రివార్డులుగా ఇవ్వకూడదు. అభిమానులకు కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమైనదే. అంతకుముందు ఏళ్ల తరబడి పూర్తి నిడివి ఎపిసోడ్లు తీసినవాళ్లున్నారు. కంపెనీ మౌనంగా చూస్తూ ఊరుకుంది. ఆ మౌనం చూసుకునే జనం ధైర్యం చేశారు. పదిహేను నిమిషాల్లో ఒక మంచి కథ చెప్పడం చాలా కష్టం, ఆ హద్దు మరీ ఇరుకు. అయినా గీత ఎక్కడుందో కాగితం మీద ఉండటమే నాకు నయమనిపిస్తుంది. మా సినిమాకు అలాంటి గీత లేదు, ఉత్తరం వచ్చాకే అది ఎక్కడుందో తెలిసింది.

అన్నీ ఇలాగే ముగుస్తాయని కాదు. హ్యారీ పాటర్ ప్రపంచం మీద ఇటలీ బృందమొకటి 'వోల్డెమార్ట్: ఆరిజిన్స్ ఆఫ్ ది ఎయిర్' (ఎయిర్ అంటే ఇక్కడ వారసుడు) తీసింది. వాళ్లు క్రౌడ్‌ఫండింగ్ చేస్తున్న సమయంలోనే హ్యారీ పాటర్ సినిమాల కంపెనీ వార్నర్ బ్రదర్స్ సంప్రదించింది. మాట్లాడుకున్నాక, లాభాపేక్ష లేకుండా అయితే తీసుకోమంది. 2018 జనవరిలో ఆ సినిమా యూట్యూబ్‌లో వచ్చింది. దీన్ని ఆశగా తీసుకోండి, హామీగా మాత్రం తీసుకోకండి. ఆ నిర్ణయం పూర్తిగా కంపెనీ దయ మీద ఆధారపడింది.

సినిమా అనే కాదు, పుస్తకానికీ ఇదే పరిస్థితి. అమెరికా పిల్లల పుస్తకాల రచయిత డాక్టర్ స్యూస్ బొమ్మల శైలిని, స్టార్ ట్రెక్‌ను కలిపి ఒక పుస్తకం వేయాలని 2016లో కిక్‌స్టార్టర్‌లో చందాలు మొదలుపెట్టారు. స్యూస్ హక్కుదారులు నోటీసు పంపగానే కిక్‌స్టార్టర్ ఆ పేజీ తీసేసింది. కింది కోర్టులో పుస్తకంవాళ్లు గెలిచారు. కానీ 2020 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు అది పేరడీ కాదు, ఫెయిర్ యూజూ కాదు అంది. మూలాన్ని విమర్శించనిదే, దానిమీద వ్యాఖ్యానించనిదే పేరడీ అనే రక్షణ దొరకదు. ప్రేమతో తీసే ఫ్యాన్ ఫిల్మ్‌కు ఇక్కడే ఇబ్బంది. ఎంత భక్తిగా అనుకరిస్తే ఫెయిర్ యూజ్ వాదన అంత బలహీనపడుతుంది.

సంగీతం గురించి ఒక్క మాట. సినిమా హక్కులు ఒకరివైతే పాట హక్కులు మరొకరివి కావచ్చు. థీమ్ మ్యూజిక్‌ను మీవాళ్లే మళ్లీ వాయించి రికార్డు చేసినా హక్కుదారు నుంచి కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. సొంతంగా కొత్త ట్యూన్ చేయించుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మీ సిరీస్ హక్కుదారులు ఫ్యాన్ ఫిల్మ్ నియమాలు ప్రకటించారేమో ముందు వెతకండి. ఉంటే గంటన్నర ఆలోచన పక్కన పెట్టి ఆ హద్దులోకి కథను తెచ్చుకోండి. చందాల పరిమితి ఉంటే ఆ అంకె చేరగానే పేజీ మూసేయండి, "ఇంకా వస్తున్నాయి కదా" అనుకోవద్దు. నియమాలు లేకపోతే లైసెన్సింగ్ విభాగానికి రాయండి. జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు. రివార్డుల జాబితాలో వాళ్ల లోగో ఉన్న టీషర్టు, పోస్టర్, డిస్క్ ఏదున్నా తీసేయండి. లాయర్లు మొదట పట్టుకునేది దాన్నే. డబ్బుకు వేరే ఖాతా పెట్టండి. సినిమా అయ్యాక కూడా మీ దగ్గరే ఉండిపోయే కెమెరాలు, స్టూడియో లాంటివాటి మీద ఆ డబ్బు పెట్టకండి. ఆక్సనార్ వివాదంలో స్టూడియో ఏర్పాటు కూడా పెద్ద చర్చే అయింది.

మీ పేజీని తీసేయమని సైటుకు హక్కుదారు టేక్‌డౌన్ నోటీసు పంపితే, అమెరికా చట్టం ప్రకారం మీరు అభ్యంతరం తెలుపుతూ కౌంటర్ నోటీసు ఇవ్వచ్చు. పది నుంచి పద్నాలుగు పనిదినాల్లో అవతలివాళ్లు దావా వేయకపోతే పేజీని తిరిగి పెట్టొచ్చు. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టడమంటే అక్కడి కోర్టు పరిధికి ఒప్పుకోవడం. ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్లు, తెలిసి చేశారని తేలితే 1,50,000 డాలర్ల దాకా నష్టపరిహారం వేసే అవకాశం ఆ చట్టంలో ఉంది. లాయర్‌కు చూపించకుండా ఆ కౌంటర్ నోటీసు పంపొద్దు.

మీ కథ అంత బాగుంటే మరో దారి కూడా ఆలోచించండి. పేర్లు, జాతులు, నౌకలు, యూనిఫాంలు మార్చి ఆ ప్రపంచాన్ని మీదిగా చేసుకోండి. అంతరిక్షంలో యుద్ధం, నమ్మకం కోల్పోయిన కెప్టెన్, రెండు జాతుల మధ్య సంధి, ఇవేవీ ఒకరి సొత్తు కావు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తీకరించిన తీరు మీదే ఉంటుంది. అభిమానుల చందాలు కొంత తగ్గుతాయి, నిజమే. కానీ గంటన్నర నిడివి, సంగీతం, డిస్కులు అన్నీ మీ ఇష్టం.

అలా కాకుండా ఫ్యాన్ ఫిల్మే తీస్తామంటే, చందాల పేజీలో డబ్బు కట్టే బటన్‌కు పైన, పెద్ద అక్షరాల్లో ఈ మూడూ రాయండి: హక్కుదారు అనుమతి వచ్చిందా లేదా, ఆపమంటే ఆపేస్తామన్న మాట, అప్పటికి ఎంత మిగిలితే అంత ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో. ఇది చదివి కొంతమంది వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి. ఇచ్చేవాళ్లు ఆ సంగతి తెలిసే ఇవ్వాలి.