పిల్లలకు మన విశ్వాసం అందాలంటే ముందు తెలుగు చదవడం రావాలి

"పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలకు వెళ్లాక చర్చికి దూరమవుతున్నారు. మన విశ్వాసం, మన పెద్దల సంగతులు వాళ్లకు ఎలా అందించాలి?" అని అడిగారు. మాది తిరుపతి, ముత్తాత కాలం నుంచి లూథరన్లం. ఒక్కడే కొడుకు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందరూ ప్రార్థన, సండే స్కూల్ అని చెప్తారు. నేను మాత్రం తెలుగు అక్షరాలు నేర్పండి అంటాను. అది లేకపోతే మిగతావి నిలవవు.

రెండేళ్ల కిందట వాడు ఈస్టర్‌కు వచ్చాడు. మాకు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేయడం అలవాటు. ఆలోపే ఎవరి పెద్దల సమాధులు వాళ్లు కడిగి సున్నం కొట్టుకోవాలి. ఆ శనివారం పనికి మనిషి దొరకలేదు. నేనూ వాడూ బకెట్టు, కుంచె, నల్ల పెయింటు డబ్బా పట్టుకుని మా తాత సమాధి దగ్గరికి పోయాం. ఏటా కొట్టిన సున్నం చెక్కిన అక్షరాల్లోకి దిగి రాయిలా గట్టిపడింది. వాడు మేకుతో ఒక్కో అక్షరం గీకి, పొడి ఊదేసి, సన్న బ్రష్‌తో నల్లరంగు నింపుతున్నాడు. కాసేపటికి చూస్తే ఒత్తులన్నీ వదిలేశాడు. ఒకచోట ఆగి, "అమ్మా, ఇది పగులా, అక్షరమా?" అని అడిగాడు. అది ట కింద ఒత్తు.

ఇరవై ఆరేళ్ల కొడుకు అలా అడిగేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే మా ఇంట్లో చదువు నేర్చిన మొదటి మనిషి ఆ తాతే. ఈ ప్రాంతానికి 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు వచ్చారు, మొదటి ప్రపంచ యుద్ధంతో వాళ్ల పని ఆగిపోతే అమెరికా ఒహాయో లూథరన్లు అందుకున్నారు. ఆ మిషన్ బడిలోనే తాత అక్షరాలు దిద్దాడు. వాళ్ల నాయనను ఏ బడి గడపా తొక్కనివ్వలేదు. తాత ఆ తర్వాత ఉపదేశి అయ్యి, రేణిగుంట, పుత్తూరు వైపు పల్లెల్లో పగలు పిల్లలకు చదువు, రాత్రి లాంతరు పెట్టుకుని ప్రార్థన నడిపాడు. అంత కష్టపడి ఇంట్లోకి తెచ్చిన అక్షరం మూడు తరాలకే పగులులా కనిపించింది.

తప్పు మాదే. సీబీఎస్‌ఈ స్కూల్లో హిందీ సెకండ్ లాంగ్వేజ్ అన్నారు, సరే అన్నాం. ఇంటర్‌లో మార్కులు వస్తాయని సంస్కృతం ఇప్పించాం. ఇంట్లో తెలుగులోనే మాట్లాడుతున్నాడు కదా, చాలనుకున్నాం. చర్చిలో అయితే ఇంకా ఘోరం. యూత్ కోసమని పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో స్క్రీన్ మీద వేస్తున్నారు. చర్చిలో పాడే కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిని చూసే పిల్లలే లేరు. పుస్తకం పిల్లల చేతికివ్వండని సంఘ కమిటీలో ఎన్నిసార్లు చెప్పానో! కొత్త స్పీకర్లకు మాత్రం డబ్బులు ఉంటాయి.

ఆ సాయంత్రం వాడు తాత సమాధి మీది బైబిల్ వాక్యం కూడబలుక్కుంటూ చదివాడు: "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని." కడ దగ్గర మళ్లీ ఆగాడు. మా జేజి, అంటే మా అవ్వ, "ఆ కడ పెట్టు, ఈ కడ కూర్చో" అనడం వాడు విన్నాడు; మా వైపు మాటల్లో కడ అంటే చోటు, దగ్గర. "ఎవరి కడ?" అన్నాడు. ఇక్కడ కడ అంటే చివర నాయనా, కడదాకా అంటాం కదా అన్నాను. "అయితే తాత ఎక్కడ పరుగెత్తాడు?" అన్నాడు. అప్పుడు చెప్పాను పల్లెల సంగతి, లాంతరు సంగతి, ఊళ్లోకి రానివ్వని రోజుల సంగతి. చీకటి పడి రంగు ఎక్కడ వేస్తున్నాడో కనిపించనంత వరకు కూర్చున్నాం. అంతకు ముందు ఎన్నిసార్లు చెప్పబోయినా ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాడు.

బెంగళూరులో ప్రతి ఆదివారం చర్చికి పోతున్నాడా అని నేను అడగను. నేను తెలుగులోనే మెసేజ్ పెడతాను, వాడు తెలుగులోనే జవాబు రాస్తాడు. ఒత్తులు ఇంకా తప్పుతాడు. ఆదివారం రాత్రి ఫోన్ చేసి బైబిల్లో ఒక అధ్యాయం పైకి చదువుతాడు, నేను వింటాను.

పోయిన నెల ఫోన్‌లో, "అమ్మా, జేజి సమాధి మీద పేరు, తేదీలే ఉన్నాయి, వాక్యం లేదెందుకు?" అన్నాడు. జేజికి చదువు రాదు, కీర్తనలన్నీ నోటికే పాడేది. ఆమెకు వాక్యం ఎందుకులే అని అప్పుడు పెద్దవాళ్లు రాయించలేదు. ఏ వాక్యం బాగుంటుందో నువ్వే చదివి ఏరు, ఈసారి ఈస్టర్‌కు చెక్కిద్దాం అన్నాను. బైబిల్లోని కీర్తనల గ్రంథం మొదలుపెట్టాడట, ఇరవై మూడో కీర్తన దాకా వచ్చాడు.