రెండు శిక్షణల్లో ఏది మేలో తేల్చడం గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగుల మధ్య మాటతీరు, సహకారం మెరుగుపరచడానికి రెండు శిక్షణ సంస్థలు ముందుకు వచ్చాయని, ఒకరిది వరసగా రెండు రోజుల వర్క్‌షాపు, మరొకరిది వారానికో పూట చొప్పున ఆరు వారాలు సాగేదని, రెండింటినీ చెరొక బ్యాచ్‌తో నడిపి చూసి, మెరుగైనదాన్ని అందరికీ ఇప్పించాలని మీ పైవాళ్లు అనుకుంటున్నారని రాశావు. ఏది మెరుగో తేల్చే బాధ్యత నీది కనుక, శిక్షణ మొదలు కాకముందే నువ్వు చేసుకోవలసిన ఏర్పాట్ల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి. శిక్షణ ముగిసిన సాయంత్రం అందరూ ఇంటికి వెళ్లే తొందరలో మంచి మార్కులే వేస్తారు; సరదాగా మాట్లాడే శిక్షకుడికి మరికాస్త ఎక్కువ పడతాయి. (హాస్యానికి నేను వ్యతిరేకిని కాను, భోజనాల తరువాత జరిగే క్లాసుకు అది అవసరమే.) శిక్షణ ఫలితాన్ని నాలుగు అంచెల్లో చూడాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ఆచార్యుడు 1959లో మొదలుపెట్టిన వ్యాసాల్లో చెప్పాడు: పాల్గొన్నవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, దానివల్ల సంస్థకు ఒనగూడినదేమిటి. చాలాచోట్ల లెక్క మొదటి అంచె దగ్గరే ఆగిపోతుంది. అయితే అల్లిగర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1997లో అంతకు ముందు వచ్చిన అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, శిక్షణ నచ్చడానికీ అది పనిలో కనిపించడానికీ సంబంధం లేనట్టే తేలింది. ‘ఇది నా పనికి పనికొస్తుంది’ అన్న అభిప్రాయానికి మాత్రం కొంత సంబంధం ఉంది. అందుచేత ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్నలు తగ్గించి, ‘ఇందులో దేన్ని, ఎవరితో, ఏ సందర్భంలో వాడబోతున్నారు’ అని రాయించు.

తరువాత, ఏ ప్రవర్తన మారాలో కాగితం మీద పెట్టు. ‘సంభాషణా నైపుణ్యం పెరగాలి’ అని రాసుకుంటే రెండు సంస్థలూ తామే గెలిచామని చెప్పుకోగలవు. అదే ‘ఎదుటివారు చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోకుండా విని, తనకు అర్థమైనదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకుంటున్నాడు’, ‘పనిలో పొరపాటు దొరికితే నలుగురి ముందు కాకుండా విడిగా పిలిచి, జరిగిన సంగతినే ప్రస్తావిస్తున్నాడు తప్ప మనిషి స్వభావం జోలికి వెళ్లడం లేదు’ అని రాసుకుంటే, పక్కన కూర్చున్నవారెవరైనా అవును, కాదు అని చెప్పగలుగుతారు. ఇలాంటివి ఐదారు చాలు. రెండు బ్యాచ్‌లకూ ఒకే జాబితా ఉండాలి. అది శిక్షణ సంస్థలు ఇచ్చినది కాకూడదు, మీరు తయారుచేసుకున్నదై ఉండాలి.

ఆ జాబితా మీద మార్కులు వేయవలసింది శిక్షణ పొందినవాళ్లు కాదు, వాళ్లతో రోజూ పనిచేసేవాళ్లు. తాను బాగానే వింటానని శిక్షణకు ముందు ప్రతివాడూ అనుకుంటాడు. వినడమంటే ఏమిటో తెలిశాక తనకు తాను తక్కువ మార్కులు వేసుకుంటాడు. అప్పుడు బాగా నేర్పిన శిక్షణే విఫలమైనట్టు కనబడుతుంది. కనుక కింద పనిచేసేవాళ్లను, సాటివాళ్లను పేర్లు బయటపడకుండా అడుగు. శిక్షణకు ముందు ఒకసారి, ముగిసిన మూడు నెలలకు ఒకసారి, వీలైతే ఏడాదికి మరోసారి.

ఎవరిని ఏ బ్యాచ్‌లో వేయాలన్నది చీటీలు తీసి నిర్ణయించు. గొడవలు ముదిరిన విభాగాన్ని ఏరి ఒక శిక్షణకు పంపితే, ఆ గొడవలు వాటంతటవే కొంత సద్దుమణిగినా ఆ ఘనత శిక్షణ ఖాతాలో పడుతుంది. శిక్షణ లేకుండానే వచ్చే మార్పు ఎంతో తెలియడానికి, ఏ శిక్షణా అందని మూడో గుంపు కూడా ఉండి తీరాలి. లేథమ్, సారీ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది సూపర్‌వైజర్లలో సగం మందికే మొదట శిక్షణ ఇచ్చి, ఏడాది తరువాత కూడా పనితీరులో తేడా ఉందని చూపించి, ఆపైన మిగిలిన సగానికీ అదే శిక్షణ ఇస్తే వాళ్లూ వీళ్ల స్థాయికి వచ్చారు. ‘మీ వంతు తరువాత వస్తుంది’ అని చెబితే మూడో గుంపువాళ్లు నొచ్చుకోరు. ఒకే టీమ్‌లోని వాళ్లను మాత్రం వేర్వేరు గుంపుల్లో పెట్టకు. బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో మహిళా కార్మికులకు ఇచ్చిన ఇలాంటి శిక్షణ మీద జరిగిన అధ్యయనంలో, శిక్షణ పొందినవాళ్ల ఉత్పత్తే కాక, అదే లైనులో శిక్షణ లేకుండా పనిచేసినవాళ్ల ఉత్పత్తి కూడా పెరిగింది. అది సంతోషించవలసిన విషయమే కానీ, పోలికను మాత్రం చెడగొడుతుంది.

ఇక శిక్షణలో ఏముండాలన్నది. టేలర్ అనే మరో పరిశోధకుడు, ఆయన సహచరులు 2005లో 117 అధ్యయనాలను కలిపి చూశారు. అవన్నీ సరైన ప్రవర్తనను చేసి చూపించి, సాధన చేయించే పద్ధతికి సంబంధించినవి. నేర్చుకోవడంలో ప్రభావం ఎక్కువగాను, పనిలో ప్రవర్తన మీద అంతకంటే తక్కువగాను, సంస్థ ఫలితాల మీద ఇంకా తక్కువగాను కనిపించింది. విని తెలుసుకున్న విషయం కాలక్రమంలో తగ్గిపోగా, సాధనతో అబ్బిన నైపుణ్యం నిలిచింది. ఎలా చేయాలో మాత్రమే కాక ఎలా చేయకూడదో కూడా చూపించినప్పుడు, సాధనకు సందర్భాలను పాల్గొన్నవాళ్లే రాసుకున్నప్పుడు, వాళ్ల పై అధికారులకూ శిక్షణ ఇచ్చినప్పుడు అది పనిలోకి ఎక్కువగా వచ్చింది. శిక్షకుడు తెచ్చిన ‘కోపంగా ఉన్న కస్టమర్’ రోల్ ప్లేలో అందరూ చక్కగానే నటిస్తారు. ‘నాకంటే వయసులో పెద్దవాడు, రిపోర్టు ప్రతి నెలా ఆలస్యం చేస్తాడు, అడిగితే ముఖం తిప్పుకుంటాడు’ అని తన చేతితో రాసుకొచ్చిన సందర్భంలో మాట తడబడుతుంది. నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. రెండు సంస్థల క్లాసుల్లోనూ వెనక కూర్చుని, ఒక్కొక్కరికి అలాంటి సాధన ఎన్ని నిమిషాలు దొరుకుతోందో గడియారం పెట్టి చూడు. విడతలుగా సాగే శిక్షణలో, నేర్చుకున్నది మధ్యవారంలో ప్రయత్నించి వచ్చి చెప్పే వీలుంటుంది కనుక నాకు ఆరు వారాలదాని వైపే మొగ్గు ఉంది. అయితే అందులో ఉపన్యాసాలే ఎక్కువైతే నా మొగ్గు లెక్కలోకి తీసుకోకు.

లాభంలోనో రాజీనామాల్లోనో తేడా చూపించమని మీ పైవాళ్లు అడగవచ్చు. రెండు చిన్న బ్యాచ్‌లతో అది తేలే విషయం కాదని ఇప్పుడే చెప్పేయి. మూడు నెలల తరువాత చెబితే సాకులా వినిపిస్తుంది. ఖర్చు లెక్కలో ఫీజుతో పాటు అంతమంది పనివేళలను కూడా కలుపు. చివరికి రెండింటికీ తేడా స్వల్పమే అయితే, మేనేజర్లను కూడా కూర్చోబెట్టడానికి ఒప్పుకున్న సంస్థను ఎంచుకో. ఒప్పందం మీద సంతకాలు కాకముందే ఆ షరతును, మూడు నెలల తరువాత జరిగే కొలతను అందులో రాయించు.

ఆశీస్సులతో,
పెదనాన్న