బొమ్మలు గీసి తీసినదాన్ని డాక్యుమెంటరీ అనొచ్చా?

గుంటూరులో డిగ్రీతో పాటు యానిమేషన్ కోర్సు చేస్తున్నానని, ప్రాజెక్టుగా మిర్చి యార్డు మీద యానిమేషన్ డాక్యుమెంటరీ తీద్దామనుకుంటే "బొమ్మలేస్తే అది కార్టూన్ అవుతుంది గానీ డాక్యుమెంటరీ ఎలా అవుతుంది" అని ఫ్రెండ్స్ నవ్వుతున్నారని రాశారు. నేను విజయవాడలో ఇదే చదువు, చివరి ఏడాది. పోయినేడాది ఇలాంటి ప్రాజెక్టే చేశాను కాబట్టి చెప్తున్నా. డాక్యుమెంటరీ అనొచ్చు, అనుమానం అక్కర్లేదు. కానీ మిర్చి యార్డును మొత్తం బొమ్మల్లో తీయడం మాత్రం వద్దు.

ముందు మీ ఫ్రెండ్స్ సంగతి. 1915లో లుసిటానియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అది మునుగుతుండగా తీసిన ఫిల్మ్ లేదు. విన్సర్ మెకే అనే అమెరికన్ కార్టూనిస్టు ఆ ఘటనను గీసి 1918లో సినిమాగా విడుదల చేశాడు. అంటే ఈ పద్ధతికి వందేళ్ళు దాటాయి. ఈ మధ్య చూస్తే, 2021లో వచ్చిన డెన్మార్క్ సినిమా 'ఫ్లీ' ఒకేసారి యానిమేషన్, డాక్యుమెంటరీ, అంతర్జాతీయ చిత్రం, మూడు విభాగాల్లోనూ ఆస్కార్‌కి నామినేట్ అయింది. అఫ్గానిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన ఒకతని కథ అది. అతని పేరు మార్చారు, ముఖం చూపించలేదు, మాటలు మాత్రం అతనివే. అక్కడ బొమ్మ ఉన్నది అందం కోసం కాదు, మనిషిని కాపాడటానికి.

నా ప్రాజెక్టు దివిసీమ ఉప్పెన మీద. 1977 నవంబర్ 19. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేల మంది. మా పెద్దమ్మమ్మ వాళ్ళది నాగాయలంక వైపు, ఆ రాత్రి బతికి బయటపడ్డ మనిషి. మర్నాటి శవాలు, కూలిన ఇళ్ళ ఫొటోలు దొరుకుతాయి. ఆ రాత్రి ఫొటో ఎవరి దగ్గరుంటుంది? అదే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో ఏ డాబా మీద చూసినా ఫోన్ పట్టుకున్నవాళ్ళే. ఆ వరదను నేను గీస్తే దానికి అర్థం లేదు, జనం తీసిన వీడియోలే వందరెట్లు నయం. 1977 రాత్రిని గీయకపోతే మాత్రం చూపించడానికి వేరే దారి లేదు.

నాతో పనిచేసిన అబ్బాయికి తాటిచెట్టంత అల, దాని మీద మెరుపు, ఇలా సినిమాటిక్‌గా వెయ్యాలని ఉండేది. పెద్దమ్మమ్మని అడిగాం. "అలెక్కడ కనపడిందే తల్లీ, కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. నోట్లోకొచ్చిన నీళ్ళు ఉప్పగా తగిలితే అప్పుడు తెలిసింది సముద్రమొచ్చిందని" అంది. ఇక వాదనే లేదు. ఆ భాగమంతా దాదాపు నల్ల తెరే. అప్పుడప్పుడూ ఒక చెయ్యి, చూరు వాసం, తాటి మట్ట. మిగతాదంతా ఆవిడ గొంతు. క్లాసులో "యానిమేషన్ ఏదమ్మా" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అన్నా సరే, నేను ఇప్పటికీ ఆ నల్ల తెర పక్షమే.

దీన్నిబట్టి మీ యార్డు గురించి నా అభిప్రాయం. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే హమాలీలు, వేలం, ఆ ఘాటుకి వచ్చే దగ్గు, ఇవన్నీ కెమెరా ముందే ఉన్నాయి. అనుమతి తీసుకుని షూట్ చేసుకోండి. ఆ ఎరుపును ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ మీరు తేలేరు. తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు కూడా కెమెరాతోనే తీయాలి. కానీ వాళ్ళలో ఎవరైనా అప్పు గురించో, కూలి డబ్బుల దగ్గర జరిగే అన్యాయం గురించో చెప్పి "నా మొహం పెట్టొద్దమ్మా" అన్నారనుకోండి, అక్కడ గీయండి. రేపు చూసినవాళ్ళు గుర్తుపట్టేలా చీర రంగు, ముక్కుపుడక కూడా ఉన్నదున్నట్టు వెయ్యొద్దు. ఊళ్ళో జనానికి గొంతు కూడా ఆనవాలే, అందుకే దాని గురించీ ఆమెను ముందే అడగండి.

గొంతు విషయంలో అస్సలు రాజీపడొద్దు. బొమ్మ మనం కల్పించిందేనని చూసేవాళ్ళకి తెలుసు, వాళ్ళు నమ్మేది ఆ మాటనే. కెమెరాకి పెట్టే డబ్బులో కొంత మంచి కాలర్ మైక్‌కి పెట్టండి. రికార్డింగ్‌కి ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేయాలి (మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపమని పెద్దవాళ్ళని అడగడానికి గుండె ధైర్యం కావాలి). మాటలయ్యాక అదే గదిలో ఒక నిమిషం ఊరికే నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేసుకోండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనపడకుండా కాపాడేది అదే.

ఇంకోటి, లెక్క చూసుకోండి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. పది నిమిషాల సినిమా మొత్తం గీస్తానంటే సెమిస్టర్ అయిపోతుంది, మీరూ అయిపోతారు. రెండు నిమిషాల యానిమేషన్, మిగతాది షూటింగ్ అయితే టెన్షన్ లేకుండా సబ్మిట్ చెయ్యొచ్చు.

లాప్‌టాప్ పాతదన్నారు. టూడీ బొమ్మలకి క్రిటా అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. సౌండ్‌కి ఆడాసిటీ, అదీ ఉచితమే. కాస్త మంచి సిస్టమ్ దొరికితే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో గ్రీజ్ పెన్సిల్ (బొమ్మలు గీసే టూల్) నేర్చుకోండి. 2025లో యానిమేషన్ ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' బ్లెండర్‌లో చేసిందే.

ఉద్యోగం వస్తుందా అని చివర్లో అడిగారు. డాక్యుమెంటరీ పేరు చెప్పి ఇక్కడ ఎవరూ జీతం ఇవ్వరు. యానిమేషన్ పని కావాలంటే హైదరాబాద్ వెళ్ళాల్సిందే, నేనూ అక్కడి స్టూడియోలకే అప్లై చేస్తున్నాను. షోరీల్‌లో (స్టూడియోలకి పంపే నా పని నమూనాల వీడియోలో) మాత్రం ఆ నల్ల తెర ముక్కనే మొదట పెట్టాను.